ఎవరి వేడి వాళ్ళది

హలో, హలో... వినబడుతోందా అందరికీ? బావున్నారా? ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు అంతా కులాసాయే కదా. కాస్త తీరిగ్గా కూర్చోండి, టీ ఉంటే పక్కన పెట్టుకోండి. మన గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపేసి మాయమైపోవడం అందరికీ అలవాటైపోయింది. ఇవాళ అలా కుదరదు, నేనొక కథ చెప్తాను. కొంచెం పొడుగే. మధ్యలో పొయ్యి మీద పాలున్నాయని లేచిపోకండి, మజా అంతా చివర్లోనే ఉంది.

నేను పనిచేసేది ఒక పాతకాలపు ఆఫీసు భవనంలో. రాతి గోడలు, ఒక్కో గోడ మందం నా చెయ్యంత. వీధి ఈ మూల నుంచి ఆ మూల దాకా అదొక్కటే భవనం. మనిషి మీద మనిషి నిలబడినంత ఎత్తు కిటికీలు. వడ్రంగిగా నా ఉద్యోగం ఆ కిటికీలూ, తలుపులే. ఒక చివర నుంచి బాగుచేసుకుంటూ వెళ్ళి రెండో చివరికి చేరేసరికి మొదట చేసినవి మళ్ళీ మూలగడం మొదలెడతాయి. అందుకే నా ఉద్యోగానికి ఢోకా లేదు.

మా అక్క కూడా అక్కడే. మెట్ల కింద చిన్న గదిలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ఆవిడది. ఈ రోజుల్లో కూడా ఎక్స్‌ఛేంజి ఏమిటి అంటారేమో, ఆ గోడల్లోకి సెల్‌ఫోన్ సిగ్నల్ దూరదండి. కిటికీలోంచి సగం బయటికి వేలాడితే తప్ప ఒక్క గీత కూడా రాదు. అందుకని గదిగదికీ పాత ఫోన్లే, ప్రతి మాటా అక్క చేతిమీదుగా పోవాల్సిందే. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో అక్కకి తెలిసినంత పెద్దసారుకి కూడా తెలియదు.

ఇక మా అక్క కోడలు. ఆ పిల్ల ఇంజనీరు. మా భవనాన్ని తక్కువ ఖర్చుతో వెచ్చగా, చల్లగా ఉంచే పని మీద ఆ పిల్లని తీసుకున్నారు. పని నిలబడితే ఉద్యోగం నిలబడుతుంది, పని పోతే ఉద్యోగం పోతుంది. కాగితాల మీద అలా రాయకపోయినా అందరికీ తెలిసిన సంగతే.

ఆ పిల్ల చేసిందేమిటో నాకు అర్థమైనట్టు చెప్తాను. మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంది కదా, దాని వెనకాల చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. లోపలున్న వేడిని లాగి బయటికి తోస్తోందన్నమాట. అలాంటిదే ఏనుగంత మిషన్ ఒకటి మా నేలమాళిగలో పెట్టారు. భవనం మధ్యలో ఉన్న రాళ్ళ ముంగిట్లో సన్నటి బోర్లు చాలా లోతుగా వేసి, ఒక్కోదాంట్లో గొట్టం దింపి, పైన ఇనప మూత పెట్టారు. ఎండాకాలం గదుల్లోని వేడిని ఈ మిషన్ లాగి ఆ గొట్టాల నీళ్ళతో కింద రాతిలోకి పంపిస్తుంది. రాయి దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. చలికాలం అదే వేడిని పైకి లాగి గదుల్లో కిటికీల కింద ఉన్న ఇనప పెట్టెల్లోంచి వదులుతుంది. ఎండాకాలం అవే పెట్టెల్లోంచి చల్లగాలి. పెట్టెకొక తిప్పుడు మర ఉంటుంది, కావలసినంత తిప్పుకోవడమే.

కప్పు మీద ఎండ వేడిని పట్టే పలకలు పెడదామంటే పాత కట్టడాల్ని కాపాడే శాఖవాళ్ళు ఒప్పుకోలేదు, వీధిలోంచి చూస్తే అందం చెడుతుందట. కాబట్టి కింద దాచాల్సిన వేడి ఏదైనా సరే, గదుల్లోంచే రావాలి. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

నా వంతుకి కిటికీలకి లోపలివైపు రెండో అద్దం బిగించి, సందుల్లో రబ్బరు పట్టీలు దూర్చాను. నేలమాళిగలో ఇంతకుముందు చలికాలం గదుల్ని వెచ్చబెట్టిన పాత నూనె బాయిలర్‌ని మాత్రం తియ్యలేదు. పెద్దసారు తియ్యనివ్వలేదు.

"చూడమ్మా," అన్నాడు ఆయన అందరి ముందూ. "వచ్చే చలికాలం మొత్తం ఈ బాయిలర్ వెలిగించకుండా గడిపి చూపించు. గడిస్తే నీ మిషన్ ఉంటుంది, నువ్వూ ఉంటావు. ఒక్కరోజు వెలిగించాల్సి వచ్చినా ఆ గొట్టాలకి మూతలు బిగించేద్దాం."

"అలాగే సార్," అంది మా పిల్ల. ధైర్యంగానే అంది, కానీ ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉంది, తినలేదు.

ఇప్పుడు తమాషా చూడండి. మిషన్ మొదలుపెట్టిన రోజు పెద్దసారు పెద్ద హాల్లో ఉపన్యాసం ఇచ్చాడు. పొదుపు, పొదుపు, పొదుపు. అవసరం లేని స్విచ్చి ఆపండి, కర్టెన్లు వేసుకోండి, మీ చేతిలోనే ఉంది అన్నాడు. గోడల మీద బొమ్మలు కూడా అంటించారు. మామూలుగా ఆయన ఉపన్యాసం విన్నవాళ్ళు గుమ్మం దాటేలోపే మర్చిపోతారు. ఏం పోయేకాలమో గానీ ఆ ఒక్క ఉపన్యాసం మాత్రం మావాళ్ళ బుర్రకెక్కింది.

దానికో కారణం ఉంది. మా రెండో అంతస్తు లెక్కల విభాగం, మూడో అంతస్తు రికార్డుల విభాగం. ఈ ఇద్దరికీ పడదు. రెండు అంతస్తుల మధ్య మెట్ల మలుపులో ఒక చెక్క బీరువా ఉంది. అది మాదంటే మాదని ఎప్పట్నుంచో గొడవ. అందులో ఏముందో ఎవరికీ తెలియదు, తాళం ఎక్కడుందో కూడా తెలియదు. అయినా సరే, మాదే. లెక్కల విభాగం పెద్దని మేం కళ్ళజోడు సారు అంటాం. ఒక జోడు కళ్ళకి, ఒక జోడు నెత్తి మీద, మూడోది ఎక్కడ పెట్టానా అని వెతుకుతూ ఉంటాడు. రికార్డుల పెద్ద శాలువా మేడమ్. ఏ కాలమైనా భుజాల మీద శాలువా ఉండాల్సిందే.

ఉపన్యాసం అయిన మర్నాడు మూడో అంతస్తువాళ్ళు చల్లగాలి పెట్టెలు కట్టేశారు. అది విని రెండో అంతస్తువాళ్ళు పెట్టెలు కట్టేసి కర్టెన్లు కూడా మూశారు. అది విని పైవాళ్ళు కర్టెన్ల మీద దుప్పట్లు కట్టారు, వెంటనే కిందవాళ్ళూ కట్టారు. నేను మేకు కొట్టడానికి వెళ్తే చీకట్లో జనం చెమటలు కక్కుతూ కూర్చున్నారు. శాలువా మేడమ్ భుజాల మీద శాలువా లేదు, కుర్చీ వెనక్కి వేసుంది. నా ఉద్యోగంలో ఆవిడ భుజాలు చూడటం అదే మొదలు.

"మేడమ్, పెట్టె కాస్త తిప్పుకోవచ్చు కదా," అన్నాను.

"కిందవాళ్ళు తిప్పారా?" అంది ఆవిడ, ముఖం తుడుచుకుంటూ.

"లేదు."

"అయితే నువ్వు మేకు కొట్టి వెళ్ళు."

ఎండాకాలం సగం గడిచాక ఒక సాయంత్రం భోజనాల దగ్గర మా పిల్ల ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

"నేల ఖాళీగా ఉంది అత్తయ్యా," అంది.

"ఏ నేల?"

"మన ఆఫీసు కింద నేల. ఈపాటికి సగం వేడెక్కాలి. గదుల్లో చల్లగాలి వాడితేనే కదా ఆ వేడి కిందకి పోయేది. వీళ్ళు చీకట్లో కూర్చుని ఉడికిపోతున్నారు గానీ మర తిప్పరు. ఇలాగే ఉంటే చలికాలం మధ్యలోకి వచ్చేసరికి తీయడానికి కింద ఏమీ ఉండదు. బాయిలర్ వెలిగించాల్సిందే."

"వెళ్ళి చెప్పలేకపోయావా?"

"గదిగదికీ వెళ్ళి చెప్పాను. కళ్ళజోడు సారేమో, మొన్ననేగా పొదుపన్నారు, ఇవాళ వాడమంటావేమిటమ్మా, మమ్మల్ని పరీక్షిస్తున్నావా అన్నాడు. పెద్దసారునేమో ఒక్క నోటీసు ఇమ్మన్నాను. పొదుపు కోసం పెట్టిన మిషన్‌ని ఎక్కువ వాడండని నేను సంతకం పెడితే పై అధికారులు నవ్వుతారమ్మా అన్నాడు."

మా మేనల్లుడు, అంటే ఆ పిల్ల మొగుడు, ఇలాంటి చోట నోరు విప్పడు. తల కంచంలో పెట్టేసుకుంటాడు. నేను ఏదో అనబోయాను గానీ అక్క నా వైపు చూసింది. చిన్నప్పుడు పక్కింటివాళ్ళ జామచెట్టు ఎక్కేముందు చూసేదే, సరిగ్గా ఆ చూపు. నేను మజ్జిగ పోసుకుని ఊరుకున్నాను.

మర్నాడు నేను ఎక్స్‌ఛేంజి గది తలుపు బిగుసుకుపోతోందంటే చిత్రిక పట్టడానికి వెళ్ళాను. తలుపు బాగానే ఉంది. తను చెయ్యబోయేది చూడటానికి పక్కన ఒకరు కావాలి అక్కకి, అంతే. ఫోన్ బోర్డు మీద రెండో అంతస్తు దీపం వెలిగింది.

"నమస్తే సార్," అంది అక్క తేనె పూసిన గొంతుతో. "కలుపుతున్నా, ఒక్క నిమిషం. అన్నట్టు సార్, మీ అంతస్తువాళ్ళు ఇంకా దాచుకోవడం మొదలెట్టలేదేమిటి?"

"ఏం దాచుకోవడం?" అన్నాడు కళ్ళజోడు సారు.

"వేడి సార్. ఎవరి అంతస్తు వేడి వాళ్ళ గొట్టంలో పడుతుందట కదా. ఎవరెంత పంపిస్తే చలికాలం వాళ్ళకి అంత తిరిగొస్తుందట. పైవాళ్ళకి ఎవరు చెప్పారో ఏమో, మీకు తెలిసే ఉంటుందనుకున్నా."

అవతల నుంచి నెత్తి మీది కళ్ళజోడు కిందపడిన చప్పుడు వినబడింది.

"పైవాళ్ళు మొదలెట్టేశారా?"

"నాకేం తెలుస్తుంది సార్, మెట్ల కింద కూర్చునేదాన్ని. ఇదిగో, కలుపుతున్నా."

వెంటనే మూడో అంతస్తుకి తనే మోగించింది. "మేడమ్, మీకేదో ఫోనొచ్చి తెగిపోయింది, ఎవరో తెలియదు. అన్నట్టు మేడమ్, రెండో అంతస్తువాళ్ళు..."

నా చేతిలో చిత్రిక ఆగిపోయింది. "అక్కా, ఇది అబద్ధం కదే," అన్నాను.

"నేను చెప్పానా? జనం అనుకుంటున్నారట అన్నాను. అనుకోరా ఏమిటి ఇంకాసేపట్లో?" అంది. "ఆ పిల్ల ఇన్ని రోజులు నిజమే చెప్పింది. ఎవరైనా విన్నారా?"

మధ్యాహ్నం టీ వేళకి రెండు అంతస్తుల్లోనూ దుప్పట్లు ఊడిపోయాయి. నేను కొట్టిన మేకులే మళ్ళీ నాచేత పీకించారు. పెట్టెల మరలు ఆఖరిదాకా తిరిగాయి. కర్టెన్లు పక్కకి లాగి ఎండని లోపలికి రమ్మన్నారు. శాలువా మేడమ్ నన్ను పిలిచి, ఎప్పుడో రంగుతో అతుక్కుపోయిన పడమటి కిటికీ చెక్కలు ఉలి పెట్టి విప్పించింది. "సాయంత్రం ఎండ అంతా ఇటే వస్తుంది, వదులుకుంటామా," అంది. చల్లగాలి జోరుకి శాలువా మళ్ళీ భుజాల మీదకి వచ్చేసింది.

అక్కడితో ఆగారా? కళ్ళజోడు సారు అంతస్తులో నీళ్ళు కాచే కరెంటు కెటిళ్ళన్నీ వరసగా పెట్టి మరిగించారు. ఆవిరి చూసి మా పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"సార్, కరెంటు పెట్టి వేడి చేసి, కరెంటు పెట్టి దాన్ని కిందకి పంపిస్తారా? దానికంటే ఆ బాయిలరే నయం కదా."

"లెక్కలోకి రాదా ఇది?" అన్నాడాయన అమాయకంగా.

"ఏ లెక్క?" అంది మా పిల్ల. ఆయన అసలు సంగతి దాచి, మామూలు లెక్కేనమ్మా అని నసిగాడు. అక్కకి సంగతి తెలిసి, కెటిళ్ళ వేడి పనికిరాదట, ఎండ వేడి, మనుషుల వేడి అయితేనే రాయి పట్టుకుంటుందట అని ఫోన్లలో వదిలింది. కెటిళ్ళు మాయమయ్యాయి. మనుషులు మొదలయ్యారు. మూడో అంతస్తువాళ్ళు రిటైరైపోయినవాళ్ళని, వాళ్ళ భార్యల్ని, అల్లుళ్ళని టీకి పిలిచి ఎండ గదిలో కూర్చోబెట్టారు. రెండో అంతస్తువాళ్ళు మీటింగులన్నీ దక్షిణం గదిలోకి మార్చి, మీటింగు అయ్యాక కూడా ఎవర్నీ లేవనివ్వలేదు. ఒక లావుపాటి గుమస్తాని వాళ్ళు చూసుకున్నంత అపురూపంగా వాళ్ళమ్మ కూడా చూసుకోలేదు.

ఇంకో రోజు ఇద్దరు పెద్దలూ మెట్ల మీద ఎదురుపడ్డారు. నేను ఆ మలుపులోనే పిడి బిగిస్తున్నాను.

"వేడి ఎప్పుడూ పైకే పోతుందండి," అన్నాడు కళ్ళజోడు సారు. "మీరు దాచుకునేదాంట్లో సగం మాది. మా సీలింగులోంచి మీ నేలలోకి వస్తోంది."

"మా నేల మీద చాపలు పరిచాం. మీ వేడి మాకక్కర్లేదు, మీ దగ్గరే పెట్టుకోండి."

"చాపలు తీసి చూపించండి."

"ముందు బీరువా తాళం చూపించండి," అంది శాలువా మేడమ్.

ముంగిట్లో ఇనప మూతల మీద సుద్దముక్కతో ఎవరో "2" అని రాశారు. మధ్యాహ్నానికి అది చెరిపేసి "3" అని రాసుంది. వాన పడితే రెండూ పోయేవి, ఎండ రాగానే మళ్ళీ వచ్చేవి.

మా పిల్లకి మాత్రం కారణం తెలియలేదు. నేల వేడెక్కుతోంది, అది చాలు. కంచంలో అన్నం మళ్ళీ ఖాళీ అవుతోంది. ఆకులు రాలే కాలానికి కింద రాయి నిండుగా ఉంది. ఆ వారమే కళ్ళజోడు సారు వచ్చి చల్లగా అడిగాడు.

"అమ్మాయ్, మా అంతస్తు నిల్వ ఎంతుందో కాస్త చూసి చెప్తావా? పైవాళ్ళది కూడా చెప్తే సంతోషం."

ఆ సాయంత్రం ఇంట్లో చూడాలి.

"అత్తయ్యా, ఇది మీ పనేనా?"

"నేల నిండిందా లేదా?"

"నిండింది. కానీ కింద గొట్టాలన్నీ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. అంతస్తుకో గొట్టం లేదు. చలికాలం వాళ్ళు ఎవరి వాటా వాళ్ళడిగితే నేనేం చెప్పను?"

"చలికాలం మాట చలికాలం చూద్దాం," అంది అక్క. నా వైపు తిరిగి, "నువ్వేంట్రా నవ్వుతావు, కూర వడ్డించు," అంది.

చలికాలం వచ్చింది. మా పిల్ల భయపడినదానికంటే అన్యాయంగా తయారైంది పరిస్థితి. మా వేడి మా ఇష్టం అని రెండు అంతస్తులూ మరలు ఆఖరిదాకా తిప్పేశాయి. బయట వీధిలో జనం మఫ్లర్లు చుట్టుకుని పోతుంటే లోపల కళ్ళజోడు సారు పొట్టి చేతుల చొక్కాలో కూర్చున్నాడు. మరీ ఉక్కపోస్తే కిటికీ తీసేవాళ్ళు. నేను దూర్చిన రబ్బరు పట్టీలు ఆ కిటికీల్లోంచి నన్ను చూసి ఏడ్చినంత పని చేశాయి.

"సార్, కిటికీ మూయండి, వేడంతా బయటికి పోతోంది," అన్నాను.

"మాదేగా పోయేది," అన్నాడు.

మా పిల్ల ఇక లాభం లేదని అందర్నీ పెద్ద హాల్లోకి పిలిచి నిజం చెప్పేసింది. అంతస్తుకో గొట్టం లేదు. కింద ఉన్నది ఒకటే కుండ, అందరిదీ కలిపి. పొదుపుగా వాడుకుంటే చలి పోయేదాకా వస్తుంది, లేకపోతే బాయిలర్ వెలిగించాలి, వెలిగిస్తే ఇదంతా మూసేస్తారు. చెప్పి, రెండు చేతులూ జోడించి కూర్చుంది.

అందరూ బుద్ధిగా తలూపారు. బుద్ధిగా మెట్లెక్కారు. ఎక్కి, మరల్లో ఇంకేమైనా తిరగడానికి మిగిలిందేమో అని చూశారు. ఒకటే కుండ అని తెలిశాక ఎవరాగుతారు? మనం తీసుకోకపోతే వాళ్ళు ఊడ్చేస్తారు. ఎండాకాలం చీకట్లో ఉడికిన బుద్ధిమంతులు వీళ్ళేనా అనిపించింది. మా అక్క అబద్ధం నేలని నింపితే, మా పిల్ల నిజం దాన్ని ఖాళీ చెయ్యడం మొదలెట్టింది.

"చూశావా," అని అక్క అనలేదు. అంటుందేమో అని నేను ఎదురుచూశాను. అన్నానికి రమ్మని మాత్రం ఆ పిల్లని రెండుసార్లు పిలిచింది.

ఇంతలో అసలు చలి దిగింది. ముంగిట్లో నీళ్ళ బకెట్టు రాయిలా గడ్డకట్టింది. తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి అతుక్కుంటోంది. రేడియోలో ఈ వారమంతా ఇంతే అన్నారు. కింద రాయిలో మిగిలిన వేడి భవనం మొత్తానికి ఆ వారం రాదని మా పిల్లకి తెలిసిపోయింది. పెద్దసారుకి తనే వెళ్ళి చెప్పింది, దాచలేదు.

పొద్దున్నే అందరం నేలమాళిగలో ఉన్నాం. పెద్దసారు కోటు మీద కోటు వేసుకుని నిలబడ్డాడు. బాయిలర్ చూసుకునే పెద్దాయన పండగ చొక్కా వేసుకొచ్చాడు, బాయిలర్‌ని గుడ్డతో తుడిచి సిద్ధంగా పెట్టాడు. నన్నెందుకు పిలిచారంటే, గాలి గొట్టం చెక్క తలుపు ఉబ్బిపోయి రావడం లేదు. నేను ఆ తలుపు ఊడదీస్తే బాయిలర్ వెలుగుతుంది. మా కోడలు పిల్ల ఉద్యోగం నా ఉలి చివర ఉందన్నమాట. నేను ఉలి అంచు చూశాను, మళ్ళీ చూశాను, పదును చాలదని నూరడం మొదలెట్టాను.

"ఎంతసేపయ్యా?" అన్నాడు పెద్దసారు.

"మొండి తలుపు సార్."

మా పిల్ల నోరు విప్పింది. "సార్, ఒక్కమాట. గదుల్లో పెట్టెలన్నీ కట్టేసి ఒక్క పెద్ద హాలు మాత్రం వెచ్చగా ఉంచితే, ఉన్నది ఈ వారం సరిపోతుంది. అందరూ అక్కడే కూర్చుని పనిచేస్తే మనుషుల వేడి కూడా కలిసొస్తుంది. చలి తగ్గగానే ఎవరి గదులకి వాళ్ళు వెళ్ళిపోవచ్చు."

"ఆ రెండు అంతస్తుల్నీ ఒక హాల్లోనా?" అన్నాడు పెద్దసారు. "దానికంటే బాయిలర్ పేలితే నయం. చస్తే ఒప్పుకోరు."

అప్పుడు మెట్ల మీద రెండు జతల అడుగుల చప్పుడు. ఒకరినొకరు తోసుకుంటూ కళ్ళజోడు సారు, శాలువా మేడమ్ దిగారు. ఇద్దరికీ ఆయాసం. పైన ఫోన్ దగ్గర ఎవరు కూర్చున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈసారి అక్క ఒక్క ముక్క కల్పించలేదట. బాయిలర్ వెలిగిస్తున్నారు, వెలిగించాక గొట్టాలు మూసేస్తారు, కింద మిగిలింది ఇక ఎవరికీ రాదు అని ఉన్నదున్నట్టు చెప్పిందట.

"మూసేస్తారా?" అన్నాడు కళ్ళజోడు సారు. "నేను ఎండాకాలం అంతా దక్షిణం గదిలో మాడి మసైపోయి పంపించింది? అది రాతిలోనే ఉండిపోతుందా?"

"ఈయన మాడాడట," అంది శాలువా మేడమ్. "మా రిటైరైన వాళ్ళ టీలకి నేను చేసిన మర్యాదలు ఎవరిస్తారు నాకు తిరిగి? ఒక్క పిసరు కింద వదలను. ఆఖరి వెచ్చదనం దాకా పైకి రావాల్సిందే."

"అయితే హాల్లో కూర్చోవాలి మేడమ్," అంది మా పిల్ల. "అందరూ కలిసి. అలా అయితేనే మొత్తం బయటికొస్తుంది."

శాలువా మేడమ్ కళ్ళజోడు సారుని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఈయన వస్తున్నాడా?"

"నేను రాకుండా మీ ఒక్కళ్ళకీ వదిలేస్తానా," అన్నాడాయన.

"అయితే మేం ముందు కూర్చుంటాం. పెట్టె దగ్గర."

"ఎలా కూర్చుంటారో చూస్తాను," అని ఆయన మెట్ల వైపు పరుగు. వెనకే ఆవిడ. బాయిలర్ పెద్దాయన చేతిలో నిప్పు అలాగే ఉంది, దాని వంక ఎవరూ చూడలేదు. పెద్దసారు నిట్టూర్చి, "ఆ తలుపు ఉండనీవయ్యా," అన్నాడు నాతో. నేనప్పటికి ఉలిని బ్లేడులా నూరేశాను.

ఆ వారం మా హాలు చూసి తీరాలండి. బల్లలు మోసుకొచ్చి పక్కపక్కనే ఇరికించారు. ఎడమ వైపు లెక్కలు, కుడివైపు రికార్డులు, మధ్యలో సన్నటి దారి. ఆ దారిలో ఎవరు కాలుపెట్టినా రెండువైపులా కళ్ళు వాళ్ళమీదే. తలుపు తీసి ఎవరైనా ఒక్క క్షణం నిలబడితే చాలు, రెండువైపుల నుంచీ ఒకటే కేక, తలుపు వెయ్యండి అని. ఎప్పుడూ ఒక్కమాట మీద లేనివాళ్ళు ఆ తలుపు దగ్గర మాత్రం కవల పిల్లలైపోయారు. పెద్దసారు తనే ఒకసారి తలుపు దగ్గర నిలబడి కబుర్లు చెప్తుంటే శాలువా మేడమ్ లేచి వెళ్ళి ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. కళ్ళజోడు సారు తలుపేసి, సందులో తన మఫ్లరు దూర్చాడు. లావుపాటి గుమస్తా కోసం మాత్రం రెండువైపులా బేరాలు జరిగాయి, పొద్దున ఎడమవైపు, మధ్యాహ్నం కుడివైపు అని ఒప్పందానికొచ్చారు.

మా పిల్ల రోజూ కిందకి దిగి మిషన్ చూసుకునేది, పైకొచ్చి మాకు తల ఊపేది. చివరిరోజు నీళ్ళు గోరువెచ్చగా మాత్రమే వస్తున్నాయి. అయినా హాల్లో జనం ముక్కు ఎర్రబడకుండా కూర్చోగలిగారు. మర్నాటికి ముంగిట్లో బకెట్టు కరిగింది. బాయిలర్ వెలగలేదు. ఆ తర్వాత కూడా వెలగలేదు.

చెట్లు చిగురించాక పెద్దసారు మా పిల్లని పిలిచి, ఉద్యోగం ఖాయమని ఆర్డరు చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం ఆ పిల్ల కాగితాన్ని అక్క చేతికిచ్చి, "అత్తయ్యా, వచ్చే ఎండాకాలం అందరికీ ముందే నిజం చెప్తాను. నన్ను చెప్పనిస్తారు కదా?" అంది.

"చెప్పు తల్లీ, నేనెందుకు అడ్డొస్తాను," అంది అక్క. "ఎవరికి ముందు చెప్పాలో మాత్రం నన్నడుగు."

బాయిలర్‌ని ముక్కలుగా కోసి పైకి మోసుకుపోయారు. పెద్దాయన ఒక ఇత్తడి మూత ఇంటికి తీసుకెళ్ళాడు. నేలమాళిగలో ఇప్పుడు ఖాళీ గది, మంచి పొడి గది. నిన్న పొద్దున నేను దానికి తలుపు బిగిస్తుంటే కళ్ళజోడు సారు వచ్చి కొలతలు తీసుకున్నాడు. ఆయన వెళ్ళాక శాలువా మేడమ్ వచ్చి కొలతలు తీసుకుంది. తాళంచెవులు ఎన్ని చేయిస్తున్నావు అని ఇద్దరూ విడివిడిగా, నా చెవి దగ్గర నోరు పెట్టి అడిగారు. మా కోడలు పిల్లకి ఇంకో మిషన్ పెట్టుకోవడానికి ఆ గది కావాలి. కాబట్టి చేయించిన ఒక్క తాళంచెవీ ఆ పిల్ల సంచిలో పడిపోయింది. వాళ్ళకింకా తెలియదు.

ఇదండీ కథ. నచ్చితే మీ ఆఫీసులో కిటికీ పక్కన కూర్చునేవాళ్ళకి, మర దగ్గర కూర్చునేవాళ్ళకి, తలుపు తీసి అక్కడే నిలబడి కబుర్లు చెప్పేవాళ్ళకి తప్పకుండా పంపండి. రెండు అంతస్తులుంటే మాత్రం ఒకేసారి పంపండి బాబూ, ముందూ వెనకా అయితే ఆ తర్వాత జరిగేదానికి నా పూచీ లేదు.